కథలో మగవాడు ఎవరి ముందు మాట్లాడుతున్నాడు?

మీరు పంపిన కథ, నాలుగు పేజీలూ చదివాను. మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కథలోని తండ్రిని చదివిన స్నేహితులు "దేవుడిలా ఉన్నాడు, మనిషిలా లేడు" అన్నారు, అదే కథలోని భర్తను చదివి "సీరియల్లో విలన్" అన్నారు. ఆడవారైన మీకు మగవారి మనసు అందదేమోనని మీ అనుమానం. అందితే ఎట్లా రాయాలన్నది మీ సందేహం.

అనుమానం సంగతి ముందు తేల్చేస్తాను. ఇన్నేళ్లుగా హనుమకొండలో నా బల్ల మీదికి వచ్చిన రాతప్రతుల్లో అతకని మగ పాత్రలు ఎక్కువగా మగవాళ్లు రాసినవే. మగ రచయిత తనను తాను ఎట్లా చూడాలనుకుంటాడో అట్లా నాయకుణ్ణి రాసుకుంటాడు. మీరు మాత్రం చిన్ననాటి నుంచి, గుమ్మం బయట చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఈ రోజు బాపు ఏ మనసుతో ఇంటికి వచ్చాడో పసిగడుతూ పెరిగి ఉంటారు. కథకు కావలసిన సరుకు అదే. దాన్ని పక్కన పెట్టి, మగవాళ్లు లోపల ఏమనుకుంటారో అని కొత్తగా ఊహించడానికి కూర్చోవడం వల్లనే ఇబ్బంది వచ్చింది.

మీ కథలో తండ్రి బస్టాండులో కూతురును హైదరాబాదు బస్సు ఎక్కిస్తూ పన్నెండు వాక్యాలు మాట్లాడతాడు. తన పేదరికం, భార్య మరణం, కూతురు మీది ఆశ అన్నీ వరుసగా చెప్పి, తువ్వాలతో కళ్లు ఒత్తుకుంటాడు. ఇందులో ఒక్క భావమూ అబద్ధం కాదు, కాని ఆ మాటలు కూతురు కోసం చెప్పినవి కావు. కూతురుకు అవన్నీ ముందే తెలుసు. అవి పాఠకుడి కోసం చెప్పినవి, పాఠకుడు అది వెంటనే కనిపెట్టేస్తాడు.

అందువల్ల అతని గుండెలో ఏమున్నదనే ప్రశ్నను కాసేపు వాయిదా వేసి, ఇప్పుడు అతని ఎదుట ఎవరున్నారు, వాళ్ల ముందు తాను ఏ లెక్కలో మనిషినని అతను అనుకుంటున్నాడు అన్న ప్రశ్న వేసుకోండి. మన వైపు మగవాడు రోజుకు పది మంది ముందు పది ఎత్తుల్లో నిలబడతాడు. ఆ ఎత్తులు మారేటప్పుడు అతని గొంతు ఎట్లా మారుతుందో పట్టుకుంటే చాలు, మీరు చెప్పకపోయినా మనసు బయటపడుతుంది.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. పరకాల వైపు నుంచి ఒక రైతు పన్నెండేళ్ల కొడుకును వెంటబెట్టుకొని ఎనుమాముల మార్కెట్టుకు పత్తి తెచ్చాడనుకోండి. ఊళ్లో అతనితో ఎవరూ ఎదురు మాట్లాడరు. ఇక్కడ, తన కొడుకు కంటే పదేళ్లు మాత్రమే పెద్దవాడైన వ్యాపారి మనిషి బస్తాలో చేయి పెట్టి పిడికెడు పత్తి లాగి, నలిపి, కింద పడేస్తాడు.

"తేమున్నది పెద్దమనిషీ. ఇష్టమైతే కాంటా పెట్టు, లేకుంటే ఎత్తుకపో."

"జర మంచిగ సూడు సేటూ. రాత్రి మంచుకు మెత్తవడ్డది గని, పత్తి మంచిదే."

ఈ రెండు మాటల వెనుక ఉన్న లెక్క రచయితకు తెలిసి ఉండాలి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాకా ఉంటేనే పూర్తి మద్దతు ధర వస్తుంది. ఆపైన ఒక్కో శాతానికీ ధర తగ్గుతుంది. 12 దాటితే అసలు తీసుకోరు. కాబట్టి రాత్రి కురిసిన మంచు ఆ రైతుకు వెన్నెల వర్ణనలో భాగం కాదు, డబ్బు. పొద్దున మార్కెట్టులో జరిగిన వేలంలో, అంటే జెండా పాటలో, పలికిన పై ధర కొద్ది బస్తాలకే దక్కుతుందనీ, తనకు అంతకంటే తక్కువే కడతారనీ కూడా అతనికి తెలుసు. అయినా బతిమాలుతున్నాడు. కొడుకు చూస్తున్నాడు. కొడుకు చూస్తున్నాడని తండ్రికి తెలుసు.

ఇక్కడ చాలామంది కొత్త రచయితలు తండ్రి కళ్లలో నీళ్లు పెట్టించి కథ ముగిస్తారు. నేనైతే ఇంకాస్త దూరం వెంట నడుస్తాను. కాంటా అయిపోయింది, తూకం వేసే దడ్వాయి బరువు రాశాడు, ధర, తూకం రాసిన చీటీ అయిన తక్‌పట్టీ జేబులో పడింది. ఖాళీ సంచులు మడత పెట్టేటప్పుడు లెక్కలో ఒకటి తక్కువ వచ్చింది. ఆ ఒక్క సంచి కోసం తండ్రి పదిమందిలో కొడుకు వీపు మీద ఒకటి చరుస్తాడు. ట్రాలీ ఊరు చేరేదాకా ఇద్దరూ మాట్లాడుకోరు. ఇంటికి వచ్చాక భార్య "ఎంత పలికింది?" అని అడిగితే జెండా ధరే చెబుతాడు. ఆమె రాత్రి అంగీ ఉతకడానికి తీస్తూ జేబులో తక్‌పట్టీ చూస్తుంది, దాన్ని తడవకుండా తీసి బియ్యం డబ్బా మీద పెడుతుంది, ఏమీ అనదు.

అతను మంచివాడా, చెడ్డవాడా అని మీరిక చెప్పనక్కరలేదు. వ్యాపారి ముందు తగ్గాడు, కొడుకు ముందు తగ్గినందుకు కొట్టాడు, భార్య ముందు తగ్గకుండా ఉండటానికి అబద్ధమాడాడు. ముగ్గురి ముందు మూడు రూపాలు, వాటిని కలిపేది ఒకటే సిగ్గు. "సిగ్గు" అన్న పదం మాత్రం కథలో ఎక్కడా రాయకండి.

పని గురించి కూడా ఇదే మాట. మీ కథలో భర్త "ప్రైవేటు ఉద్యోగి". ఇంతకంటే ఏమీ లేదు. మన కథల్లో మగవాళ్లు ఉద్యోగానికి పోతారు, ఉద్యోగం నుంచి వస్తారు, మధ్యలో ఏమి చేస్తారో దేవుడికే తెలియాలి. పని ఒంటి మీద మిగిల్చే గుర్తులు లేకపోతే మగ పాత్రకు మీసం తప్ప వేరే శరీరం ఉండదు. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య ఇరవై ఏళ్లు నిలబడినవాడు ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు. కొత్తగా వచ్చిన కోడలు అది కోపమనుకొని వణికిపోతుంది. నిజానికి ఆ చప్పుడుకు అతని చెవి మొద్దుబారింది. తన గొంతు ఎంత పెద్దదో అతనికి వినపడదు. ఒక కథకు ఇది చాలు.

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు కథ పెట్టుకుంటే ఇంకా లోతైన సంగతి ఒకటి దొరుకుతుంది. సింగరేణిలో పనిచేసే తండ్రి అనారోగ్యం వల్ల ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేలిస్తే, నియమాలకు లోబడి, అతని వారసుడికి ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. జనం దీన్ని "అన్‌ఫిట్ కావడం" అంటారు. ఒక్క క్షణం ఆలోచించండి. ముప్పై ఏళ్లు బొగ్గు బాయి దిగి, తన బలం మీదే బతికిన మనిషి, ఇప్పుడు డాక్టర్ల ముందు తన బలహీనతను నిరూపించుకోవాలి. షిఫ్టులో తనతో దిగినవాళ్లు పలకరిస్తే "ఏం గాలే, మంచిగనే ఉన్న" అంటాడు. డాక్టరు ముందు మెట్టు ఎక్కడానికి ఆయాసపడతాడు. ఆ ఆయాసంలో ఎంత నిజమో, ఎంత కొడుకు కోసమో అతనికే తెలియదు. బోర్డు "ఫిట్" అని రాసి పంపితే, ఆరోగ్యంగా ఉన్నాడన్న కాగితం పట్టుకొని వచ్చిన ఆ తండ్రి సొంత ఇంట్లో దోషిలా కూర్చుంటాడు. ఆ రాత్రి కొడుకు అన్నం తింటూ తల ఎత్తడు. అవ్వ, అంటే ఆ కొడుకు తల్లి, మాత్రం లోలోపల దండం పెట్టుకుంటుంది, కాని బయటికి అనలేదు. తండ్రీకొడుకుల ప్రేమ గురించి, వాళ్ల మధ్య ఉండే లెక్కల గురించి ఇంతకంటే నిఖార్సైన సన్నివేశం కల్పించడం కష్టం.

డబ్బు విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏడెనిమిదేళ్ల కిందట గల్ఫ్ వలస మీద ఒక కథ రాశాను. మన ఊళ్లలో సౌదీ అయినా, మస్కట్ అయినా అన్నిటికీ "దుబాయ్" అనే పేరు కదా; ఆ దుబాయ్‌లో ఉన్న యువకుడికి తండ్రి చనిపోయిన కబురు అందుతుంది, రాలేకపోతాడు, ఎడారిలో ఒంటరిగా ఏడుస్తాడు. నలుగురు మెచ్చుకున్నారు కూడా. జగిత్యాల దగ్గర ఉండే మా మేనమామ కొడుకు, పదకొండేళ్లు అక్కడ పనిచేసి వచ్చినవాడు, చదివి ఒకే మాట అన్నాడు: "కథ మంచిగనే ఉన్నది బావా. గని గీనికి అప్పెంతున్నదో రాయకపోతివి."

నాకు మొదట కష్టం తోచింది. తరువాత కూర్చుని లెక్క వేశాను. వీసా కోసం తెచ్చిన అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి, అందులో ఎంత తీరింది, చెల్లె పెళ్లికి మళ్లీ ఎంత తెచ్చారు. ఆ లెక్క పూర్తయ్యేసరికి పాత్ర తనంతట తానే మారిపోయింది. కొత్త ప్రతిలో అతను ఇమో వీడియో కాల్‌లో శవాన్ని చూస్తాడు. ఎవరో ఫోనును మొహం దగ్గరగా పట్టుకుంటారు. అతని నోటి నుంచి వచ్చే మొదటి మాట "పైసలు ఎవలనడిగిన్రు?" అని. అంటే దినాలు అయ్యేదాకా ఖర్చుకు డబ్బు ఎక్కడ పుట్టింది, మళ్లీ ఏ మిత్తికి తెచ్చారు అని. ఫోను పట్టుకున్న బాబాయి ఆ మాటకు నొచ్చుకుంటాడు: తండ్రి పోతే వీడు పైసలడుగుతున్నాడు. అప్పు లెక్క తెలిసిన పాఠకుడు నొచ్చుకోడు. ఎడారిలో ఏడుపు కొట్టేశాను; అది లేకుండానే కథ నిలబడింది.

ఇక మౌనం. మీ తండ్రి పాత్రను మాటలు తగ్గించి రాయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ సలహాతో నాకు సగమే ఒప్పుదల. మాట్లాడని తండ్రి ఇప్పుడు మన కథల్లో ఒక అచ్చు అయిపోయాడు. మంచం కోడుకు ఆనుకొని బీడీ తాగుతూ శూన్యంలోకి చూస్తే చాలు, గొప్పవాడనుకొమ్మంటారు. మాట్లాడని మగవాడి పక్కన తప్పనిసరిగా ఒక దుబాసీ ఉంటుంది. "మీ బాపుకు నువ్వంటే పానం బిడ్డా, పైకి చెప్పడు గని" అని పిల్లలకు చెప్పే అవ్వ ఆ దుబాసీ. ఆమె లేకపోతే అతని మౌనం ప్రేమగా చెలామణి కాదు. ఆమె అనువాదం ప్రతిసారీ నిజమేనని కూడా అనుకోవద్దు. ఇల్లు నిలవడానికి కొన్ని కల్పిస్తుంది, కొన్ని దాచిపెడుతుంది. మీ కథలో తల్లి చనిపోయింది. అంటే ఆ ఇంట్లో దుబాసీ లేదు. తండ్రీ కూతుళ్లు ఒకరి భాష ఒకరికి రాకుండా మిగిలిపోయారు. మీరు గమనించకుండానే మీ కథలో ఉన్న అసలైన బలం ఇది. ఆ పన్నెండు వాక్యాల ప్రసంగం దాన్నే పాడుచేసింది.

ఒక చిన్న మనవి: తాగించి నిజం చెప్పించకండి. కల్లు మండువలో మగవాళ్లు గుండె విప్పుతారన్నది సగం రచయితల కల్పనే. నేను చూసినంతలో అక్కడ ఎక్కువగా భూమి తగాదాలు, బావమరిది చేసిన మోసం, పోయిన ఎన్నికల కబుర్లే నడుస్తాయి. గుండెలోది ఎప్పుడైనా బయటికి వస్తే, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎదురుగా ఉన్న తాటిచెట్టు వైపు చూస్తున్నప్పుడు వస్తుంది, అదీ ఒక్క వాక్యం. ఆ వాక్యానికి పక్కవాడు బదులివ్వడు, సీసా జరుపుతాడు.

భర్త పాత్రకు వస్తాను. అతను మొదటి పేజీలోనే చెంప మీద కొడతాడు, చివరి పేజీ దాకా కొడుతూనే ఉంటాడు. స్నేహితులు విలన్ అన్నందుకు బాధపడి, రెండో ప్రతిలో అతనికి కుక్కపిల్ల మీద ప్రేమ కలిపారు. దయచేసి తీసేయండి. దుర్మార్గుడికి ఒక మంచి గుణం అతికించినంత మాత్రాన మనిషి కాడు. పాఠకుడికి అది క్షమాపణ పత్రంలా కనిపిస్తుంది. ఇతనికి కూడా అదే ప్రశ్న వేయండి: ఎవరి ముందు ఎట్లా ఉంటాడు? "నాకు కోపమొస్తే ఆగదు" అని అతను భార్యకు చెబుతాడు, భార్య దాన్ని నమ్మి తన అన్నకు చెబుతుంది. అయితే ఆఫీసులో మేనేజరు పదిమంది ముందు ఫైలు విసిరికొట్టిన రోజున అతని కోపం చక్కగా ఆగింది. వంగి కాగితాలు ఏరుకున్నాడు, "సారీ సార్" అన్నాడు, దారిలో పెరుగు ప్యాకెట్ మరిచిపోకుండా కొన్నాడు. ఇల్లు చేరాక కూరలో ఉప్పు తక్కువైనందుకు ఆగలేదు. ఈ రెండు దృశ్యాలనూ వ్యాఖ్యానం లేకుండా పక్కపక్కన పెట్టండి. అత్తగారింటికి పోయినప్పుడు మరదలి పిల్లలను భుజాన ఎక్కించుకొని ఆడించే మూడో దృశ్యం కూడా పెడితే, "మా అల్లుడు బంగారం" అని అత్త ఎందుకు నమ్ముతుందో, కూతురు మాట ఎందుకు నమ్మదో పాఠకుడికి అర్థమవుతుంది. అప్పుడు అతను విలన్ కంటే భయంకరంగా ఉంటాడు, ఎందుకంటే అటువంటివాడు మన చుట్టాల్లోనే ఉన్నాడని గుర్తుకు వస్తుంది.

పిలుపుల విషయంలో మీ రాతప్రతి నాకు కొంచెం చిరాకు తెప్పించిందని దాచకుండా చెబుతున్నాను. ములుగు దగ్గరి పల్లెలో ఆ తరం భార్య భర్తను "ఏమండీ" అని పిలవదు. "ఇగో, ఇన్నవా" అంటుంది, లేదా పిల్లల పేరు పెట్టి పిలుస్తుంది. తండ్రి కూతురును "అమ్మలూ" అనడు, "బిడ్డా" అంటాడు. అదే తండ్రిని తన మేనల్లుడు "మామా" అంటాడు, కూలికి వచ్చినవాళ్లు "పటేలా" అనవచ్చు, అనకపోవచ్చు. అంటారా లేదా అన్నదే ఆ ఊళ్లో అతని కులం ఏమిటో, భూమి ఎంతో చెప్పేస్తుంది. మండలాఫీసులో చిన్న గుమాస్తా అతనిని "ఏం పెద్దాయనా" అన్నప్పుడు అతను తల మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడా, భుజం మీద అట్లాగే ఉంచాడా రాయండి. మీ కథంతా కళ్లు తుడుచుకోవడానికే వాడిన తువ్వాలకు ఇంతకంటే మంచి పని ఉన్నది.

మగవాళ్లు ఒకరినొకరు తాకే సందర్భాలు మన దగ్గర ఎంత తక్కువో గమనించారా? దసరా సాయంత్రం జమ్మి దగ్గరి నుంచి వచ్చి ఆ ఆకును "బంగారం" అని చేతిలో పెట్టి, పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, ఈడువాళ్లను కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. పొలం గట్టు తగాదాతో ఏడాది పొడుగునా మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ ఒక్క సాయంత్రం ఆచారం చాటున దగ్గరికి రావచ్చు. మగ పాత్రలకు చాటు అవసరం. పండుగ, పని, తిట్టు, బేరం, ఏదో ఒక చాటు లేకుండా వాళ్ల ప్రేమను బయటికి తేవాలంటే నాటకమవుతుంది. చాటు దొరికితే మీరు అడ్డుపడినా బయటికి వస్తుంది.

ఈ దృష్టితో మీ బస్టాండు సన్నివేశాన్ని మళ్లీ రాసి చూపిస్తాను, నచ్చకపోతే పారేయండి. కథ 2023 డిసెంబరు తరువాత జరుగుతున్నదని తీసుకున్నాను. ఆ నెల 9వ తేదీ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. అంతకుముందు, కూతురు హైదరాబాదు పోయినప్పుడల్లా "టికెట్‌కు ఉంచుకో" అని ఈ తండ్రి చేతిలో ఐదు వందలు పెట్టేవాడు. అది అతని చాటు. ప్రభుత్వం తనకు తెలియకుండానే ఆ చాటు తీసేసింది.

హనుమకొండ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్నది. కూతురు కిటికీ పక్కన కూర్చున్నది. తండ్రి బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వెనక టైరు చూసి వచ్చాడు.

"టికెట్‌కు పైసలున్నయా?"

"టికెట్ లేదు గద బాపూ."

"ఔ, లేదు గద." చేయి జేబులోనే ఉండిపోయింది. కొంచెంసేపు జనగామ పోయే బస్సు బోర్డు చదివాడు. "ఉంచుకో. చిల్లరకు."

"ఐదు వందలు చిల్లరనా?"

అతను బదులు చెప్పకుండా ముందు తలుపు దగ్గరికి పోయాడు. కండక్టరు కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఉప్పల్‌ల ఎన్ని గంటలకు దింపుతవ్ తమ్మీ?"

"తొమ్మిదైతది."

"చీకటైతది గద. కిటికీ కాడ కూసున్నది సూడు, మా పిల్ల. ఒక్కతే పోతున్నది. నౌకరి అచ్చింది. వాళ్లవ్వ ఉంటే తోలుకపోతుండె. దిగినంక ఆటో ఎక్కేదాక జర సూడు."

"నా బస్సు డిపోకు పోవాలె పెద్దాయనా."

"సరే సరే. దిగేటప్పుడన్న సూడు."

కిటికీ తెరిచే ఉన్నది. కూతురుకు అన్నీ వినబడ్డాయి. తండ్రి ఆమె వైపు తిరిగి రాలేదు; బస్సు కదిలేదాకా కండక్టరుతో జనగామ దగ్గరి రోడ్డు పనుల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ పన్నెండు వాక్యాల్లోని సమాచారం దాదాపు అంతా ఇక్కడ ఉన్నది, భార్య లేని సంగతితో సహా. చెప్పవలసిన మనిషిని మార్చాను, అంతే. ఇక కూతురు ఆ ఐదు వందలు ఏమి చేసిందో మీరే రాయండి. ఖర్చు చేసినట్టు మాత్రం రాయకండి, ఆ వయసు ఆడపిల్ల ఆ నోటును ఫోను కవరులో పెట్టుకుంటుందని నా అనుమానం.